నీవు చేయు పని యేమి?

ఇటలీ దేశమున మొడేనా యను నగరము కలదు. పదునేడవ శతాబ్దమున ఆ నగరమందు బెర్నార్డినో రమజ్జీని యను వైద్యుడు నివసించుచుండెను. ఒకనాడు ఆయన యింటి మరుగుగుంటను శుభ్రము చేయుటకు ఒక కూలివాడు వచ్చెను. వాడు ఊపిరి తిరుగని తొందరతో పని చేయుట చూచి, "ఇంత ఆత్రమేల?" అని వైద్యుడు ప్రశ్నించెను. ఆ గుంటలో నాలుగు గంటలకు మించి యున్నచో కన్నులు పోయినట్లే యగునని వాడు బదులు చెప్పెను. వైద్యుడు వాని కన్నులను పరీక్షించి చూచెను. అవి యెర్రబారి, చూపు మందగించి యుండెను.

ఆనాటినుండి రమజ్జీని కార్మికులు పని చేయు తావులకు స్వయముగా పోయి, వారి మాటలను శ్రద్ధతో వినసాగెను. కుమ్మరులను, కంచరులను, గని పనివారలను, ధాన్యము చెరుగువారలను ఆయన పరిశీలించెను. ఆ పరిశీలనల ఫలముగా 1700 సంవత్సరమున కార్మికుల వ్యాధులను గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథమును ప్రకటించెను. రోగిని చూడబోయిన వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలను ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పియుండిరి. వానికి మరియొక ప్రశ్నను చేర్చవలెనని రమజ్జీని ఆ గ్రంథమున వ్రాసెను. ఆ ప్రశ్న, "నీవు చేయు పని యేమి?" అనునది.

చూచుటకు ఇది మిక్కిలి చిన్న ప్రశ్న. కాని దీనిని అడుగుట మరచినందున ఎందరి ప్రాణములు పోయినవో, అడిగినందున ఎందరి ప్రాణములు నిలిచినవో, లోహధూళి కథ తెలుపగలదు.

లోహములను త్రవ్వి తీయుట, కరగించుట, నూరుట, సానబట్టుట మానవునకు ప్రాచీన కాలమునుండి అలవడిన పనులు. ఈ పనులన్నింటియందును ధూళి లేచును. ధూళివలన కలుగు కీడు పూర్వులకు తెలియనిది కాదు. జర్మనీ దేశస్థుడైన అగ్రికోలా గనులను గూర్చి వ్రాసిన గొప్ప గ్రంథము 1556లో, ఆయన మరణించిన మరుసటి యేడు, వెలువడెను. కార్పేతియను పర్వతములలోని గనుల ప్రాంతమున ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొనిన స్త్రీలు కలరనియు, ఆ భర్తలనందరిని ఊపిరితిత్తులను తినివేయు ధూళివ్యాధియే కబళించెననియు అందు వ్రాయబడియున్నది.

ధూళి యెట్లు ఇంతటి కీడు చేయగలదు? మన దేహమునకు గల రక్షణలు సామాన్యమైనవి కావు. పెద్ద రేణువులను ముక్కులోని వెంట్రుకలును, తడియును పట్టి నిలుపును. వానిని దాటినవి శ్వాసనాళములలోని జిగటకు అంటుకొనును. ఆ నాళముల గోడలపై సన్నని నూగువంటి శైలికలు ఎల్లవేళల కదలుచు ఆ జిగటను పైకి నెట్టుచుండును. దానినే మనము దగ్గి ఉమియుదుము. కాని మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. అయిదు మైక్రానులకంటె చిన్నవైన రేణువులు ఈ కాపలాలన్నియు దాటి, ఊపిరితిత్తుల కొనలయందున్న వాయుకోశములను చేరగలవు. మానవుని ఊపిరితిత్తులలో ఇట్టి వాయుకోశములు ముప్పది కోట్లకు పైగా కలవు. గాలిలోని ప్రాణవాయువు రక్తములో చేరునది ఇచ్చటనే. ఇంత లోతునకు చేరిన రేణువును అచ్చటి భక్షక కణములు మ్రింగి తొలగింప యత్నించును. ఆ యత్నము సఫలమైనచో మేలు. విఫలమైనచో రేణువు అచ్చటనే నిలుచును. దాని చుట్టును వాపు కలుగును. కొంతకాలమునకు మెత్తని పొర గట్టిపడి మచ్చకట్టును. గట్టిపడిన భాగము ప్రాణవాయువును రక్తమునకు చక్కగా అందింపజాలదు.

అన్ని లోహములును ఒకే తీరున కీడు చేయవు. ఇనుపరేణువులను చాలకాలము పీల్చిన వెల్డింగు పనివారి ఎక్సురే చిత్రములలో నల్లని క్షేత్రముపై చుక్కలు చల్లినట్లు నీడలు కనబడును. చూచిన వైద్యుడు భయపడును. కాని ఇనుపధూళి మాత్రమే చేరినప్పుడు ఆ నీడలకు తగినంత బాధ సాధారణముగా నుండదు. కొందరిలో ఆ పని మానిన పిమ్మట నీడలు క్రమముగా తగ్గిపోయినట్లును వైద్యులు గుర్తించిరి. తగరపు ధూళియు ఇంచుమించుగా ఇట్టిదే. టంగ్‌స్టను కార్బైడును కోబాల్టుతో కలిపి చేసిన కఠిన లోహమును సానబట్టు వారిలో కొందరికి మాత్రము కోబాల్టు మూలమున తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి కలుగును. వీనియన్నింటికంటెను స్వల్పమైన మోతాదులో ఎక్కువ కీడు చేయునట్టి లోహమొకటి కలదు. దాని పేరు బెరీలియము.

బెరీలియము కలిగిన రత్నములు మనకు క్రొత్తవి కావు. పచ్చ యను రత్నము బెరిల్ అను ఖనిజములో ఒక భేదమే. ఆ 'బెరిల్' అను మాటయు మన దేశమునుండి పోయినదే. 'వైడూర్య' శబ్దమునకు సంబంధించిన ప్రాకృత రూపము గ్రీకు భాషకు చేరి, అచ్చటినుండి ఐరోపా భాషలలో ప్రవేశించినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నెల్లూరు ప్రాంతపు అభ్రకపు గనులలోను ఈ ఖనిజము లభించును. 1798లో వాక్లే యను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు బెరిల్‌లో ఒక క్రొత్త మూలకము కలదని కనుగొనెను. 1828లో జర్మనీలో వోలర్, ఫ్రాన్సులో బుస్సీ, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, ఆ లోహమును వేరుపరచిరి. అల్యూమినియముకంటె తేలికయై, ఉక్కుకంటెను వంగనిదై యుండుటచే ఈ లోహము మిగుల విలువ గలది. రాయిగా నున్నప్పుడు, రత్నమై ఉంగరమున నున్నప్పుడు దీనివలన భయము లేదు. దానిని లోహముగాను, భస్మముగాను, లవణములుగాను మార్చు కర్మాగారములలో లేచు ధూళియు, పొగయు భయంకరములు.

1938లో అమెరికాలో ట్యూబులైటులు బజారులోనికి వచ్చెను. గాజుగొట్టము లోపలి గోడకు పూసిన తెల్లని పొడియే ఆ దీపములకు వెలుగునిచ్చునది. ఆ దినములలో వాడుచుండిన పొడిలో జింకు, సిలికానులతో పాటు బెరీలియమును చేరియుండెడిది. మసాచుసెట్సు రాష్ట్రమునందలి సేలం పట్టణములో ఇట్టి దీపములు తయారగుచుండెను. పనివారిలో పడుచు స్త్రీలు పెక్కుమంది యుండిరి. పొడిని కలుపునప్పుడు, పూయునప్పుడు, పగిలిన గొట్టములను ఏరునప్పుడు తెల్లని ధూళి గాలిలో ఎగురుచుండెడిది.

కొంతకాలమునకు వారిలో కొందరికి పొడిదగ్గు వచ్చెను. మెట్లు ఎక్కిన ఆయాసము. తరువాత నడచిన ఆయాసము. తుదకు కూర్చున్నను ఆయాసము. ఆకలి పోయి, దేహము కృశించెను. ఎక్సురే చిత్రములలో రెండు ఊపిరితిత్తులయందును సన్నని చుక్కలు కానవచ్చెను. కొందరు వైద్యులు క్షయ యని తలచిరి. కాని కఫములో క్షయక్రిములు లేవు. మరికొందరు సార్కాయిడోసిస్ అనిరి. ఆ వ్యాధికి కారణ మెవ్వరికిని తెలియదు గనుక, ఆ పేరు పెట్టుటతో విచారణ ముగిసినట్లయ్యెను. ఒకే పట్టణమున, ఒకే విధమైన పని చేసిన వారికి ఈ అరుదైన వ్యాధి ఇంతమందికి ఏల వచ్చెనని ఆలోచించిన వారు తక్కువ.

దీపములలోని పొడివలన వచ్చెనని అనుమానించుటకును అప్పుడొక అడ్డంకి యుండెను. బెరీలియముతో పని చేయువారికి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుచున్నదని జర్మనీలో 1933లోను, సోవియట్టు రష్యాలో 1936లోను వైద్యులు వ్రాసియుండిరి. 1943లో అమెరికా ఒహాయో రాష్ట్రమునందలి వైద్యులును, ఖనిజమునుండి బెరీలియమును తీయు పనివారికి న్యుమోనియా వంటి వ్యాధి సోకినట్లు తెలిపిరి. కాని అదే సంవత్సరమున అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ శాస్త్రజ్ఞులు తమ జంతుప్రయోగములను ప్రకటించి, బెరీలియము స్వయముగా విషము కాదనియు, దానితో కూడియున్న ఆమ్లభాగమే, ముఖ్యముగా ఫ్లోరైడు, కీడునకు కారణమనియు తేల్చిరి. ప్రయోగశాలలో జంతువు చెప్పినట్లు తోచిన మాటకు ప్రామాణ్యము కలిగెను. కర్మాగారములో మనుష్యుని దగ్గునకు ప్రామాణ్యము కలుగలేదు.

ఈ సమయమున, 1945లో, హారియట్ హార్డీ యను వైద్యురాలు మసాచుసెట్సు రాష్ట్రపు వృత్తి ఆరోగ్యశాఖలో చేరెను. ఆమె 1906లో జన్మించెను. సేలం రోగుల సంగతి ఆమె దృష్టికి వచ్చెను. ఆమె రోగపు పేరుతో తృప్తి చెందలేదు. రోగుల యొద్దకు పోయి, వారు చెప్పు కథను మొదటినుండి వినెను. ఎచ్చట పని చేసిరి? ఏ గదిలో? చేతితో తాకిన వస్తువు లెవ్వి? ఎన్ని నెలలు పని చేసిరి? మానివేసి ఎంతకాలమైనది? వారి సమాధానములలో విచిత్రమైన సంగతి యొకటి బయల్పడెను. కొందరికి పని చేయుచుండగా కాక, ఆ పని మానిన నెలలకో, సంవత్సరములకో వ్యాధి తలయెత్తెను. పాత పనిని గూర్చి అడుగనిచో ఆ రెంటికి గల సంబంధము ఏనాటికిని తెలియదు.

1946లో హార్డీయు, ఆమె సహోద్యోగియైన ఇర్వింగ్ టాబర్‌షా యను వైద్యుడును కలిసి, ట్యూబులైటు పనివారైన పదునేడుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. బెరీలియము సమ్మేళనములను పీల్చినవారికి ఆలస్యముగా వచ్చు వ్యాధి యని వారు దీనిని వర్ణించిరి. ఈ మాట అందరికిని రుచింపలేదు. ఒప్పుకొనుటకు వెనుదీసిన వారును, వాదించిన వారును కలరు. అయినను రోగుల సంఖ్యయే తుదకు జవాబు చెప్పెను. 1949లో అమెరికాలోని దీపముల తయారీదారులు ఆ పొడిలో బెరీలియము వాడుకను మానివేసిరి. బెరీలియము లేకుండనే దీపములు వెలిగెను. 1952లో హార్డీ పూనికతో బెరీలియము రోగుల వివరములను నమోదు చేయు పట్టిక యొకటి ప్రారంభమయ్యెను. తరువాతి వైద్యులకు అది గొప్ప ఆధారమయ్యెను.

ఇంతలో కర్మాగారపు గోడల వెలుపల మరియొక సంగతి తెలిసెను. ఒహాయో రాష్ట్రములో లొరేన్ అను పట్టణమున బెరీలియము కర్మాగార మొకటి యుండెను. అమెరికా అణుశక్తి సంఘమువారు అచ్చట జరిపిన విచారణలో, ఆ కర్మాగారములో ఏనాడును అడుగుపెట్టని ఇరుగుపొరుగు వారికిని ఈ వ్యాధి సోకినట్లు 1940ల చివర బయల్పడెను. వారిలో ఇంచుమించు అందరును కర్మాగారమునకు ముక్కాలు మైలు లోపల నివసించినవారే. గాలిలో కొట్టుకొనివచ్చిన అత్యల్పమైన ధూళి వారికి చాలినది. పనివారి బట్టలను ఉదికినందున ఇండ్లలోని స్త్రీలకు వ్యాధి వచ్చిన సందర్భములును అమెరికాలో కనబడెను. భర్త తన జీతముతోపాటు తన మడతలలో మృత్యువును ఇంటికి తెచ్చుచున్నాడని అతనికిని తెలియదు, భార్యకును తెలియదు.

ఇచ్చట బుద్ధిమంతులకొక సందేహము కలిగెను. ధూళిలో మునిగి పని చేసిన వారిలో పెక్కుమంది ఆరోగ్యముగా నుండగా, దూరముగా నుండి స్వల్పముగా పీల్చిన వారికి వ్యాధి యేల కలుగవలెను? విషమైనచో ఎక్కువ పీల్చినవానికి ఎక్కువ కీడు కలుగవలదా? 1951లో స్టెర్నర్, ఐజెన్‌బడ్ అను ఇరువురు దీనికి సమాధానము సూచించిరి. ఇది కేవలము విషము చేయు పని కాదనియు, దేహముయొక్క రక్షణశక్తియే ఈ లోహమును శత్రువుగా గుర్తించి, అదుపు తప్పి పోరుటవలన వ్యాధి కలుగుచున్నదనియు వారు ఊహించిరి. తరువాతి పరిశోధనలు ఈ ఊహను బలపరచెను. కొందరి తెల్ల రక్తకణములు బెరీలియమును ఒకసారి గుర్తుంచుకొనినచో, మరల దానిని చూచినప్పుడు గుంపులుగా పెరిగి, ఊపిరితిత్తులలో చిన్న చిన్న కణుతులను కట్టును. పుట్టుకతో వచ్చు ఒకానొక జన్యుభేదము గలవారికి ఈ అపాయము ఎక్కువ యని 1993లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. రక్తపరీక్షతో ఈ గుర్తింపును వ్యాధి ముదురకముందే కనిపెట్టు పద్ధతియు నేడు కలదు.

జంతువులు మొదట శాస్త్రజ్ఞులను ఏల తప్పుదారి పట్టించెనో ఇప్పుడు బోధపడును. బెరీలియమును పీల్చిన ఎలుకల ఊపిరితిత్తులు చెడకపోవు. వానిలో పుట్టకురుపు వచ్చుటను 1950లలోనే కనుగొనిరి. 1993లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ బెరీలియమును మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల పట్టికలో చేర్చెను. కుక్కలలో మనుష్యుల వ్యాధిని పోలిన కణుతులు కనబడెను. కాని వానిలో అవి కాలక్రమమున తగ్గుట కలదు. మనుష్యునిలో వలె ఏండ్ల తరబడి ముదురు వ్యాధిని అచ్చముగా చూపు జంతువు చాలకాలము లభింపలేదు. ఒక్కొక్క ప్రాణి రక్షణశక్తి ఒక్కొక్క విధముగా నుండుటయే దీనికి కారణము. మానవ జన్యువును చేర్చి పెంచిన చుంచెలుకలలో ఇటీవలి కాలమున ఆ వ్యాధిని మరింత దగ్గరగా చూడగలిగిరి. జంతువులవలన శాస్త్రము నేర్చినది కొండంత. కాని జంతువునకు కలుగలేదు గనుక మనుష్యునకు కలుగదనుట తర్కము కాదు.

ఇక గాలిలో ఎంత బెరీలియము ఉండవచ్చును? 1949లో అమెరికా అణుశక్తి సంఘమువారు ఘనపు మీటరు గాలికి రెండు మైక్రోగ్రాములు మించరాదని నియమించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల ఎత్తు గల పెద్ద గది గాలియంతటిలో కలిపి ఒక మిల్లీగ్రాము మాత్రమే యుండవచ్చునన్న మాట. కర్మాగారము చుట్టుపట్ల నివసించువారి గాలికి ఇందులో రెండు వందలవ వంతు మాత్రమే హద్దుగా పెట్టిరి. ఈ నియమము పెక్కు ప్రాణములను కాచెను. అయినను రెండు మైక్రోగ్రాముల లోపలనే పని చేసిన కొందరికిని వ్యాధి సోకుట తరువాత తెలియవచ్చెను. ఆ హద్దును పదియవ వంతునకు, అనగా 0.2 మైక్రోగ్రామునకు, అమెరికా ప్రభుత్వము తగ్గించినది 2017లో. ఒక అంకెను సవరించుటకు అరువది యేడులకు పైగా పట్టెను.

ఈ వ్యాధి ముదిరిన పిమ్మట దానిని పూర్తిగా నయము చేయు మందు లేదు. వాపును తగ్గించు మందులతో బాధను తగ్గింపవచ్చును. గట్టిపడిన ఊపిరితిత్తిని మరల మెత్తపరుప వీలు లేదు. కావున నివారణమే చికిత్స. ధూళి పుట్టినచోటనే దానిని గొట్టములద్వారా పీల్చివేయవలెను. పొడిచీపురుతో ఊడ్వరాదు; తడిపి తుడువవలెను. పని బట్టలను పనిచోటనే విడిచి, స్నానము చేసి ఇంటికి పోవలెను. ముక్కునకు కట్టుకొనిన చేతిరుమాలు సన్నని లోహరేణువులను ఆపజాలదు. అందులకు తగిన ముసుగులు వేరుగా కలవు. ఈ మాటలు బెరీలియమునకే కాక, సానపట్టుట, వెల్డింగు, రాతిని కోయుట మొదలగు పనులన్నింటికిని వర్తించును.

బెరీలియమును విడనాడుటయు సాధ్యము కాదు. 2021 డిసెంబరులో ఆకాశమునకు పంపిన జేమ్స్ వెబ్ దూరదర్శినియొక్క పదునెనిమిది దర్పణఖండములు ఈ లోహముతో చేసినవే. విశ్వపు అంచులను మానవునకు చూపుచున్న ఆ దర్పణములను నునుపు చేసిన చేతులు కొన్ని కలవు. ఆ చేతుల వెనుక ఊపిరితిత్తులు కలవు. తగిన జాగ్రత్త తీసికొన్నచో దర్పణమును నిలుచును, ఊపిరియు నిలుచును. కృత్రిమ దంతములు చేయువారిలో కొందరికి బెరీలియము కలిసిన మిశ్రలోహములవలన ఈ వ్యాధి వచ్చినది. వారెవ్వరును తమను లోహపు పనివారమని తలచియుండరు. కావుననే ఆ పాత ప్రశ్నకు నేటికిని పని తీరలేదు.

హారియట్ హార్డీ 1993లో కన్నుమూసెను. ఆమె చేసిన పనికి ముఖ్య సాధనము ప్రయోగశాలలోని యంత్రము కాదు. రోగి ప్రక్కన కూర్చుండి అడిగిన ప్రశ్నయు, దానికి వచ్చిన సమాధానమును నమ్మిన ఓర్పును మాత్రమే. వీధిలో ఎవ్వరైనను ఎడతెగక దగ్గుచున్నప్పుడు ముఖము త్రిప్పుకొని పోవుట సులభము. "అయ్యా, మీరు చేయు పని యేమి?" అని అడుగుట కొంచెము కష్టము. రమజ్జీని నాటినుండి నేటివరకు ప్రాణములను కాచుచు వచ్చినది ఆ కష్టమే.

ప్రశ్నలు

1. రమజ్జీని వైద్యుల ప్రశ్నలకు చేర్చిన ప్రశ్న యేది? దానికి ప్రేరణ యెట్లు కలిగెను?
2. సన్నని ధూళి పెద్ద రేణువులకంటె ఎక్కువ అపాయకర మగుటకు కారణ మేమి?
3. సేలం రోగుల వ్యాధిని వైద్యులు మొదట గుర్తింపలేకపోవుటకు గల కారణములను వివరింపుము.
4. 1943 నాటి జంతుప్రయోగములనుండి శాస్త్రజ్ఞులు చేసిన నిర్ణయములోని దోష మెట్టిది?
5. మీ గ్రామములోగాని పట్టణములోగాని ధూళి లేచు వృత్తులను మూడింటిని పేర్కొని, ఆ పనివారు తీసికొనవలసిన జాగ్రత్తలను వ్రాయుము.